హంద్రీ, తుంగభద్రలలో మురుగునీరు: చట్టం, పర్యవేక్షణ, పౌరుల హక్కులు – తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు నగరం హంద్రీ, తుంగభద్ర కలిసే చోట ఉంది. మద్దికెర ప్రాంతంలో పుట్టిన హంద్రీ గాజులదిన్నె జలాశయాన్ని, కోడుమూరును దాటుకుని వచ్చి, నగరం మధ్యగా పారి తుంగభద్రలో చేరుతుంది. తుంగభద్ర సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలిసి శ్రీశైలం జలాశయానికి వెళుతుంది. ఆ జలాశయపు వెనుకనీటి నుంచే మల్యాల దగ్గర హంద్రీ–నీవా పథకానికి నీరు ఎత్తి కర్నూలు, అనంతపురం వైపు పంపుతున్నారు. కాబట్టి కర్నూలు కాలువల్లోకి వదిలిన మురుగు ఊరు దాటితే పోయినట్టే అనుకోవడానికి వీల్లేదు. అది సీమ ప్రజలు తాగే నీటి దారిలోనే ఉంటుంది. ఈ విషయంలో చట్టం ఏం చెబుతోంది, దాన్ని ఎవరు అమలు చేయాలి, చేయకపోతే మనం ఎక్కడికి వెళ్ళాలి అని చాలామంది అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. ఇది సాధారణ సమాచారం మాత్రమే. ఒక నిర్దిష్టమైన కేసు విషయంలో న్యాయవాది సలహా తప్పక తీసుకోవాలి.

హంద్రీ ఏడాదిలో చాలా నెలలు ఎండే ఉంటుంది కదా. ఎండిన ఏటికి కాలుష్య చట్టం వర్తిస్తుందా?

వర్తిస్తుంది. రాయలసీమలో అన్నిటికంటే ముందు అందరూ తెలుసుకోవలసిన విషయం ఇదే. 1974 నాటి జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం రెండవ సెక్షన్‌లో ప్రవాహాన్ని నిర్వచిస్తూ, నదులతో పాటు నీరు పారుతున్నా ప్రస్తుతానికి ఎండి ఉన్నా ప్రతి వాగునూ వంకనూ, సహజమైనవైనా మనుషులు తవ్వినవైనా భూమి మీది జలాలన్నిటినీ, భూగర్భ జలాలను కూడా అందులో చేర్చింది. కాబట్టి వేసవిలో ఇసుక తేలిన హంద్రీలోకి మురుగు వదిలినా, వర్షాకాలంలో నిండుగా పారే తుంగభద్రలోకి వదిలినా చట్టం దృష్టిలో తేడా లేదు. "అందులో నీళ్ళే లేవు, ఇక కాలుష్యం ఎక్కడిది?" అని ఎవరైనా అంటే ఆ మాటకు చట్టంలో చోటు లేదు.

నిజానికి ఎండిన ఏటికి జరిగే హాని ఎక్కువ. పారే నీరు లేనప్పుడు నదిలో కనిపించే ప్రవాహమంతా మురుగే అవుతుంది, దాన్ని పలచన చేయడానికి ఏమీ ఉండదు, అది ఇసుకలోంచి ఇంకి ఒడ్డున ఉన్న బోర్లలోకి చేరుతుంది. అదే చట్టం 24వ సెక్షన్ కాలుష్య పదార్థాలను తెలిసి ప్రవాహంలోకి, బావిలోకి, మురుగుకాలువలోకి, నేల మీదికి వదలడాన్ని నిషేధిస్తోంది. నీటి పారుదలకు అడ్డుపడి కాలుష్యాన్ని మరింత పెంచే వస్తువులు వేయడం కూడా ఆ నిషేధంలోకే వస్తుంది. కూల్చిన ఇళ్ళ శిథిలాలను ట్రాక్టర్లతో తెచ్చి హంద్రీలో పోసే వారికి ఈ మాట తెలియాలి. 2009 అక్టోబరు వరదలు చూసిన నగరానికి ఏటి దారి తెరిచి ఉండవలసిన అవసరం గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఇళ్ళ నుంచి వచ్చే మురుగు కూడా కాలుష్యమేనా? ఫ్యాక్టరీల వ్యర్థాలే కదా ప్రమాదం?

ఈ అపోహ చాలామందిలో ఉంది. మన నదులను ఎక్కువగా చెడగొడుతున్నది శుద్ధి చేయని ఊరి మురుగే. ఒక మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు సరఫరా చేయాలనేది నగరాల ప్రణాళికల్లో వాడే ప్రమాణం. అందులో సుమారు 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని లెక్క వేస్తారు. అంటే మనిషికి 108 లీటర్లు. 2011 జనాభా లెక్కల నాటికే కర్నూలు జనాభా నాలుగు లక్షలు దాటింది. నాలుగు లక్షల మందికే లెక్క కట్టినా రోజుకు నాలుగు కోట్ల లీటర్లకు పైగా మురుగు పుడుతుంది.

మురుగులోని సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు తినేటప్పుడు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. ఇలా ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుందో చెప్పే కొలతే జీవరసాయన ఆక్సిజన్ అవసరం, అంటే బి.ఓ.డి. మన దేశంలో దీన్ని 27 డిగ్రీల సెల్సియస్ వద్ద మూడు రోజులు ఉంచి కొలుస్తారు. శుద్ధి చేయని మురుగులో ఇది సాధారణంగా లీటరుకు 150 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటుంది. స్నానానికి పనికివచ్చే నీటిలో 3 మిల్లీగ్రాములకు మించకూడదు. 250 మిల్లీగ్రాములున్న ఒక లీటరు మురుగును కేవలం కలపడం ద్వారా ఆ స్థాయికి తేవాలంటే ఏమాత్రం మలినం లేని నీరు 80 లీటర్లకు పైగా కావాలి. వేసవిలో తుంగభద్రలో అంత నీరు ఎక్కడ ఉంటుంది? ఆక్సిజన్ తగ్గితే ముందు చేపలు చస్తాయి. మలం ద్వారా వచ్చే బ్యాక్టీరియా, వైరస్‌ల వల్ల విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు వ్యాపిస్తాయి.

నది నీరు బాగుందా లేదా అని ఏ కొలతతో నిర్ణయిస్తారు?

నీటిని దేనికి వాడాలనుకుంటున్నామనేదాన్ని బట్టి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఐదు తరగతులు పెట్టింది. క్రిమిసంహారం మాత్రమే చేసి తాగగల నీరు 'ఎ' తరగతి. స్నానానికి తగినది 'బి'. మామూలు పద్ధతిలో శుద్ధి చేసి, క్రిమిసంహారం చేశాక తాగగలిగినది 'సి'. చేపలకు, వన్యప్రాణులకు పనికివచ్చేది 'డి'. సాగుకు, పరిశ్రమల్లో చల్లబరచడానికి వాడదగినది 'ఇ'. 'బి' తరగతిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలి, బి.ఓ.డి. 3 మించరాదు, మురుగు కలిసిందనడానికి గుర్తుగా లెక్కించే కోలిఫారం బ్యాక్టీరియా మొత్తం సంఖ్య 100 మిల్లీలీటర్లకు 500 మించరాదు. 'సి' తరగతికి ఆక్సిజన్ కనీసం 4 ఉంటే సరిపోతుంది, బ్యాక్టీరియా 5,000 దాకా ఉండవచ్చు. నగరం తాగునీటికి ఆధారపడే తుంగభద్ర కనీసం ఈ 'సి' స్థాయిలోనైనా ఉండాలి.

స్నానపు నీటికి 2000 సంవత్సరంలో కేంద్రం నోటిఫై చేసిన ప్రమాణాలు విడిగా ఉన్నాయి. వాటి ప్రకారం మల సంబంధమైన కోలిఫారం 100 మిల్లీలీటర్లకు 500 ఉంటే వాంఛనీయం, 2,500 గరిష్ఠ పరిమితి. 2020 పుష్కరాల్లో వాడిన సంకల్‌బాగ్ వంటి ఘాట్ల దగ్గర కొలవవలసింది ఈ అంకెనే. నీరు తేటగా కనిపించినంత మాత్రాన ఈ బ్యాక్టీరియా లేదని చెప్పలేము.

మురుగు శుద్ధి కేంద్రం కట్టేస్తే సమస్య తీరినట్టేనా?

కట్టడం మొదటి మెట్టు మాత్రమే. ఆ కేంద్రం నుంచి బయటికి వచ్చే నీరు ఎలా ఉందన్నదే అసలు ప్రశ్న. 2017 అక్టోబరు 13న పర్యావరణ మంత్రిత్వ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్‌లో మహానగరాలు కాని చోట్ల బి.ఓ.డి. 30, తేలియాడే ఘనపదార్థాలు 100, మల కోలిఫారం 1,000 వరకు అనుమతించారు. ఈ సడలింపు సరికాదని, పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 ఏప్రిల్ 30న తీర్పు చెప్పి, చిన్న ఊరు, పెద్ద ఊరు అనే తేడా లేకుండా బి.ఓ.డి. 10, ఘనపదార్థాలు 20, మల కోలిఫారం గరిష్ఠంగా 230 ఉండాలని ఆదేశించింది. ఈ రెండింటి మధ్య తేడా ఎంతో అంకెలే చెబుతున్నాయి. అందువల్ల ఏ శుద్ధి కేంద్రం గురించి అడిగినా, దానికి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సమ్మతి పత్రంలో ఏ అంకెలు రాసి ఉన్నాయో ముందు అడగండి.

ఇంకొక మాట. కేంద్రం ఎంత పెద్దదైనా ఇళ్ళ నుంచి అక్కడికి భూగర్భ డ్రైనేజీ పైపులు వేయకపోతే మురుగు ఎప్పటిలాగే రోడ్డు పక్క కాలువ పట్టుకుని హంద్రీకి పోతుంది. కేంద్రం సామర్థ్యం ఎంత, రోజూ అక్కడికి నిజంగా చేరుతున్న మురుగు ఎంత అనే రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే కానీ వాస్తవం బయటపడదు.

మురుగును ఆపే బాధ్యత ఎవరిది?

ప్రాథమిక బాధ్యత నగరపాలక సంస్థది. రాజ్యాంగంలోని 243డబ్ల్యు అధికరణం, పన్నెండవ షెడ్యూలు పారిశుధ్యాన్ని, ప్రజారోగ్యాన్ని పట్టణ స్థానిక సంస్థల విధుల్లో చేర్చాయి. గ్రామాల్లో ఆ పని పంచాయతీలది. స్థానిక సంస్థ అయినా సరే, మురుగును ప్రవాహంలోకి వదిలే ఏర్పాటు చేయాలంటే జల చట్టం 25వ సెక్షన్ కింద ముందుగా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి తీసుకోవాలి.

పర్యవేక్షణ బాధ్యత ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలిది. దీన్ని 1976లో ఏర్పాటు చేశారు, కర్నూలులో దీని కార్యాలయం ఉంది. శుద్ధి కేంద్రాలను తనిఖీ చేయడం, నమూనాలు తీయడం, 33ఎ సెక్షన్ కింద మూసివేత వంటి ఆదేశాలు ఇవ్వడం, అవసరమైతే కోర్టుకు వెళ్ళడం మండలి అధికారాలు. కాలుష్యానికి పరిహారంగా, పునరుద్ధరణ ఖర్చుగా సొమ్ము విధించే అధికారం మండళ్ళకు ఉందని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నగరపాలక సంస్థ, మండలి ఇద్దరూ ప్రభుత్వంలోని వారే కావడంతో ఒకరి మీద ఒకరు గట్టిగా నిలబడరన్నది ఈ ఏర్పాటులోని పెద్ద బలహీనత. పౌరులు కాగితాలు పట్టుకుని వెంటపడవలసి రావడానికి కారణం అదే.

"నిధులు లేవు" అని జవాబిస్తే ఏం చేయాలి?

ఆ జవాబు చట్టం ముందు చెల్లదని 1980లోనే తేలిపోయింది. రత్లాం మునిసిపాలిటీ కేసులో, పారిశుధ్యం కల్పించడం మునిసిపాలిటీ ప్రథమ విధి అని, డబ్బు లేదన్న సాకుతో ఆ విధి నుంచి తప్పించుకోలేదని సుప్రీంకోర్టు చెప్పింది. పర్యావరణ్ సురక్షా సమితి కేసులో 2017 ఫిబ్రవరి 22న ఇచ్చిన తీర్పు మరింత ముందుకు వెళ్ళింది. మురుగు శుద్ధి కేంద్రాలను మూడేళ్ళలో పూర్తి చేయాలని, నిధులు చాలకపోతే వాడుకదారుల నుంచి రుసుము వసూలు చేసే పద్ధతి ఏర్పాటు చేసుకోవాలని, అమలును హరిత ట్రిబ్యునల్ చూడాలని ఆదేశించింది. మీరు రాసే అర్జీలో ఈ రెండు తీర్పుల పేర్లు ఉంటే "నిధులు రాగానే చూస్తాం" అనే ఒక్క వాక్యంతో దాన్ని పక్కన పెట్టడం కష్టమవుతుంది. కాలుష్యం లేని నీరు రాజ్యాంగపు 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని 1991లో సుభాష్ కుమార్ కేసులో చెప్పిన మాట కూడా చేర్చవచ్చు.

తుంగభద్ర "కలుషిత నదీ భాగాల" జాబితాలో ఉందా?

కేంద్ర మండలి 2018లో దేశంలో 351 కలుషిత నదీ భాగాలను గుర్తించింది. వాటిలో తుంగభద్రలో మంత్రాలయం నుంచి బావాపురం వరకు ఉన్న భాగం, కుందూలో నంద్యాల నుంచి మద్దూరు వరకు ఉన్న భాగం ఉన్నాయి. బి.ఓ.డి. 3 దాటిన ప్రతి భాగాన్నీ ఇందులో చేర్చి, 30 దాటిన వాటికి మొదటి ప్రాధాన్యం, 3 నుంచి 6 మధ్య ఉన్న వాటికి ఐదవ ప్రాధాన్యం ఇచ్చారు.

ఈ జాబితాపై వచ్చిన పత్రికా వార్తను ఆధారంగా తీసుకుని హరిత ట్రిబ్యునల్ తనంతట తానే 673/2018 సంఖ్యతో కేసు చేపట్టింది. ప్రతి రాష్ట్రంలోనూ నదీ పునరుజ్జీవన కమిటీ వేయాలని, ఆ భాగాలను కనీసం స్నానయోగ్యంగా మార్చే కార్యాచరణ ప్రణాళిక తయారు చేయాలని 2018 సెప్టెంబరు 20న ఆదేశించింది. గడువు దాటితే కట్టవలసిన పర్యావరణ పరిహారాన్ని కూడా తరువాతి ఉత్తర్వుల్లో నిర్ణయించింది. నదిలో కలిసే కాలువల్లో తాత్కాలిక శుద్ధి చేయకపోతే ఒక్కో కాలువకు నెలకు 5 లక్షల రూపాయలు, 2021 మార్చి 31 నాటికి శుద్ధి కేంద్రం పూర్తి కాకపోతే ఒక్కో కేంద్రానికి నెలకు 10 లక్షల రూపాయలు. 2021 ఫిబ్రవరిలో ఈ కేసును ముగిస్తూ పర్యవేక్షణను జలశక్తి మంత్రిత్వ శాఖలోని కేంద్ర కమిటీకి అప్పగించింది. కేసు ముగిసినా ఆ ప్రణాళికలు, గడువులు, పరిహారపు లెక్కలు ముగిసిపోలేదు. మన నదీ భాగానికి రాసిన ప్రణాళికలో ఏ కాలువకు ఏ పని రాశారో, అందులో ఎంత జరిగిందో అడిగే హక్కు మనకు ఉంది.

ఫిర్యాదు ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు మురుగు నదిలో కలిసే చోటును గుర్తించండి. "హంద్రీ పాడైపోతోంది" అని రాస్తే ఎవరూ కదలరు. ఫలానా వార్డులో, ఫలానా వంతెనకు ఎగువన, కుడి గట్టున, ఫలానా కాలువ నది లోపలికి దిగుతోంది అని రాసి, తేదీ, సమయం, స్థలం తెలిసేలా తీసిన ఫోటోలు జోడిస్తే ఎవరో ఒకరు జవాబు చెప్పవలసి వస్తుంది. ఆ అర్జీని నగరపాలక సంస్థ కమిషనర్‌కూ, కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయానికీ ఒకే రోజు ఇచ్చి రసీదు తీసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే దానికి నమోదు సంఖ్య వస్తుంది. ఆ సంఖ్యను భద్రపరచుకోండి. ఎండాకాలంలో ఒకసారి, వానల తరువాత ఒకసారి అదే చోట ఫోటో తీసి ఉంచుకుంటే, వచ్చేది వర్షపు నీరే అనే వాదనకు అవకాశం ఉండదు.

సమాచార హక్కు చట్టం ఇందులో ఎలా పనికివస్తుంది?

చాలా పనికివస్తుంది. జిల్లా స్థాయి కార్యాలయానికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. శుద్ధి కేంద్రానికి ఇచ్చిన సమ్మతి పత్రం, గత ఏడాది నెలవారీ నమూనా ఫలితాలు, కేంద్రానికి రోజూ వచ్చిన మురుగు పరిమాణం రాసిన లాగ్ బుక్కు, మండలి ఇచ్చిన నోటీసులు, వాటికి నగరపాలక సంస్థ ఇచ్చిన జవాబులు అడగండి. "కాలుష్యం ఉందా?" అని కాకుండా పత్రం పేరు చెప్పి అడగాలి.

రెండు విషయాలు చాలామందికి తెలియవు. ఒకటి, సమాచార హక్కు అంటే కాగితాల నకళ్ళు మాత్రమే కాదు. పనులను స్వయంగా పరిశీలించడం, ధ్రువీకరించిన నమూనాలు తీసుకోవడం కూడా ఆ హక్కులో భాగమని చట్టం రెండవ సెక్షన్ చెబుతోంది. రెండు, జల చట్టం 25వ సెక్షన్ ప్రకారం సమ్మతి షరతులు రాసిన రిజిస్టరును మండలి నిర్వహించాలి, ఒక మురుగు కాలువ వల్ల ప్రభావితమయ్యే ఎవరైనా దాన్ని పనివేళల్లో చూడవచ్చు. దీనికి సమాచార హక్కు దరఖాస్తు కూడా అవసరం లేదు. జవాబు రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తరువాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలు చేయవచ్చు.

మేమే నీటి నమూనా తీసి పరీక్ష చేయిస్తే కోర్టులో చెల్లుతుందా?

జల చట్టం కింద శిక్ష పడాలంటే చెల్లదు. 21వ సెక్షన్ ప్రకారం మండలి అధికారి నోటీసు ఇచ్చి, సంబంధితుల సమక్షంలో నమూనా తీసి, కోరితే రెండు భాగాలు చేసి, సీలు వేసి గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపాలి. ఈ పద్ధతి తప్పితే ఆ ఫలితాన్ని సాక్ష్యంగా తీసుకోరు. అయినా మీ పరీక్ష వృథా కాదు. తనిఖీ చేయమని మండలిని అడగడానికి, హరిత ట్రిబ్యునల్ ముందు ప్రాథమిక ఆధారంగా చూపడానికి అది ఉపయోగపడుతుంది. ట్రిబ్యునల్ సాధారణంగా ఇలాంటి ఆధారం చూశాక సంయుక్త కమిటీ వేసి అధికారిక నమూనాలు తీయిస్తుంది.

పరీక్ష చేయించేవారు గుర్తింపు పొందిన ప్రయోగశాలనే ఎంచుకోవాలి. బ్యాక్టీరియా పరీక్షకు క్రిములు లేకుండా చేసిన సీసా వాడి, ఐసులో పెట్టి 24 గంటల్లోపు చేర్చాలి. కరిగిన ఆక్సిజన్‌ను అక్కడికక్కడే కొలవాలి లేదా రసాయనంతో స్థిరపరచాలి. మంచినీళ్ళ సీసాలో పట్టుకుని మరుసటి రోజు బస్సులో పంపిన నమూనా ఎవరికీ ఉపయోగపడదు.

నది పాడుచేసిన వారికి శిక్ష ఏమిటి? మేము నేరుగా కేసు వేయవచ్చా?

1974 చట్టం 24వ సెక్షన్ ఉల్లంఘనకు మొదట ఆరు నెలల నుంచి ఆరేళ్ళ వరకు జైలు శిక్ష, జరిమానా పెట్టింది; 1988 సవరణ కనీస శిక్షను ఏడాదిన్నరకు పెంచింది. 2024 సవరణ చట్టం ఈ జైలు శిక్షను తీసివేసి, దాని స్థానంలో న్యాయనిర్ణయాధికారి విధించే 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానాను తెచ్చింది. నీరు రాష్ట్ర జాబితాలోని అంశం. అందువల్ల ఈ సవరణ మొదట హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాల్లో అమలులోకి వచ్చింది. మిగతా రాష్ట్రాలకు వాటి శాసనసభ తీర్మానం చేసిన తేదీ నుంచి వర్తిస్తుంది. కేసు వేసే ముందు ఆ తేదీని, ఉల్లంఘన జరిగిన తేదీని న్యాయవాదితో సరిచూసుకోవాలి.

పౌరుడు నేరుగా ఫిర్యాదు చేసే దారిని 49వ సెక్షన్ ఇచ్చింది. మండలికి కనీసం 60 రోజుల ముందు నోటీసు ఇచ్చి, ఆలోగా మండలి చర్య తీసుకోకపోతే ఎవరైనా ఫిర్యాదు వేయవచ్చు. మండలి తన దగ్గరున్న నివేదికలను అడిగినప్పుడు ఆ వ్యక్తికి ఇవ్వాలి. ఈ 60 రోజుల నోటీసుకే చాలాసార్లు కదలిక వస్తుంది.

హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళాలంటే ఢిల్లీ వెళ్ళాలా?

అవసరం లేదు. ఆంధ్రప్రదేశ్ కేసులను చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనం వింటుంది. ఆన్‌లైన్‌లో దాఖలు చేయవచ్చు, న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. పరిహారం కోరని దరఖాస్తుకు రుసుము 1,000 రూపాయలు. విచారణ ఆంగ్లంలో సాగుతుంది కాబట్టి తెలుగు అర్జీలకు అనువాదం జతపరచాలి. ఇది మన ప్రాంతం వారికి నిజమైన అడ్డంకే.

గడువు విషయంలో జాగ్రత్త అవసరం. మామూలు పర్యావరణ వివాదానికి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలల్లోపు వెళ్ళాలి, తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు. నష్టపరిహారం, పునరుద్ధరణ కోరడానికి ఐదేళ్ళ గడువు ఉంది. ట్రిబ్యునల్ తీర్పుపై 90 రోజుల్లో సుప్రీంకోర్టుకు వెళ్ళవచ్చు.

ఇంతకంటే దగ్గరలో, తక్కువ ఖర్చుతో మార్గం ఉందా?

ఉంది. న్యాయసేవల అధికార సంస్థల చట్టం 22ఎ సెక్షన్ ప్రకారం నీటి సరఫరా, పారిశుధ్యం ప్రజోపయోగ సేవలు. ఈ సేవల్లో లోపాలపై, వేరే కోర్టుకు వెళ్ళక ముందే, శాశ్వత లోక్ అదాలత్‌లో కోర్టు రుసుము లేకుండా దరఖాస్తు చేయవచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడిగితే దారి చూపుతారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని కూడా ఇస్తారు. ప్రజలకు ఇబ్బంది కలిగించే మురుగును తొలగించమని భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీఓ వంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇవ్వవచ్చు. రత్లాం కేసు ఇదే అధికారం మీద, పాత నంబరు 133 కింద, మొదలైంది. ఇవేవీ ఫలించకపోతే హైకోర్టులో రిట్ పిటిషన్ మిగిలే ఉంటుంది.

కె.సి. (కర్నూలు–కడప) కాలువలోకి మురుగు వదిలితే?

అదీ నేరమే. మనుషులు తవ్విన కాలువ కూడా చట్టపు నిర్వచనంలో ఉందని పైన చెప్పాము. పందొమ్మిదవ శతాబ్దంలో సుంకేసుల నుంచి తవ్విన ఈ కాలువ కర్నూలును దాటి నంద్యాల మీదుగా కడప జిల్లా దాకా వెళుతుంది. నగరంలో ఒక ఇంటి పైపును గట్టుకు తెరిచిన వారు, కింద కాలువ గట్టున పశువులను కడిగే రైతు గురించి ఆలోచించాలి. ఇక్కడ నీటిపారుదల శాఖకు కూడా అర్జీ ఇవ్వాలి, ఎందుకంటే కాలువకు యజమాని ఆ శాఖ.

ఎగువన కర్ణాటక నుంచి, ఎదుటి గట్టున తెలంగాణ నుంచి వచ్చే మురుగు మాటేమిటి?

తుంగభద్ర శివమొగ్గ దగ్గరి కూడ్లిలో మొదలై హరిహర్, హోస్పేట, కంప్లి, సిరుగుప్ప దాటి మనకు చేరుతుంది. కర్నూలుకు ఎదురుగా, అలంపురం వైపు, ఎడమ గట్టు తెలంగాణది. ఒక రాష్ట్ర మండలి ఇంకో రాష్ట్రంలో తనిఖీ చేయలేదు. రాష్ట్ర మండళ్ళ మధ్య సమన్వయం, వివాదాల పరిష్కారం కేంద్ర మండలి విధి. హరిత ట్రిబ్యునల్ చెన్నై ధర్మాసనం మూడు రాష్ట్రాలనూ ఒకే కేసులో ప్రతివాదులుగా చేర్చి వినగలదు. అయితే ఎగువ నుంచి వస్తోందన్నది మనం వదిలే మురుగుకు సమాధానం కాదు. సుంకేసుల దగ్గర నీటి ఫలితాన్ని, హంద్రీ కలిసిన తరువాతి ఫలితాన్ని ఒకే నెలకు తీసుకుని పోల్చితే ఎవరి వాటా ఎంతో తెలుస్తుంది.

సెప్టిక్ ట్యాంకు లారీలు రాత్రిపూట వంకల్లో పారబోస్తుంటే ఎవరికి చెప్పాలి?

నగర పరిధిలో అయితే నగరపాలక సంస్థకు, ఊరి పరిధిలో అయితే పంచాయతీకి, రెండు చోట్లా కాలుష్య నియంత్రణ మండలికి చెప్పాలి. వాహనం నంబరు, సమయం ముఖ్యం. ఆ లారీ తెచ్చిన మలాన్ని ఎక్కడ దించాలో స్థానిక సంస్థ చూపించిందా అన్నది కూడా అడగండి. దించే చోటు లేకుండా డ్రైవరును ఒక్కడినే దోషిని చేస్తే పారబోత ఇంకో వంకకు మారుతుంది, అంతే.

మా ఫిర్యాదు వల్ల పారిశుధ్య కార్మికులను మ్యాన్‌హోల్‌లోకి దింపితే?

అలా దింపడం చట్టవిరుద్ధం. 2013 చట్టం రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువలను, సెప్టిక్ ట్యాంకులను మనుషులతో శుభ్రం చేయించడాన్ని నిషేధించింది. మురుగు కాలువల్లో మరణించినవారి కుటుంబాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షల రూపాయలకు పెంచింది. నది శుభ్రం కావాలని కోరే ప్రతి అర్జీలోనూ యంత్రాలతోనే పని చేయించాలని ఒక వాక్యం రాయండి. నది కోసం ఒక మనిషి ప్రాణం పోకూడదు.

మురుగు కలిసిన హంద్రీ నీటితో ఆకుకూరలు పండిస్తున్నారు. ఇది అనుమతించదగినదేనా?

సాగుకు సంబంధించిన 'ఇ' తరగతి ప్రమాణంలో లవణాలు, సోడియం, బోరాన్ వంటివే ఉన్నాయి, బ్యాక్టీరియాకు పరిమితి లేదు. ఇది పెద్ద లోపం. పచ్చిగా తినే కూరలకు ఆ నీరు పెడితే రోగం పొలం నుంచి నేరుగా పళ్ళెంలోకి వస్తుంది. రైతును నిందించడం న్యాయం కాదు. ఏడాది పొడవునా అతనికి దొరికే నీరు అదొక్కటే. శుద్ధి చేసిన నీటిని సాగుకు ఇచ్చే ఏర్పాటు కార్యాచరణ ప్రణాళికలో ఉండాలని అడగాలి.

కుళాయి నీరు వాసన వస్తే ఏం చేయాలి?

తాగకుండా వెంటనే నగరపాలక సంస్థకు లిఖితపూర్వకంగా తెలపండి. తాగునీటి జాతీయ ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఇ.కోలి ఒక్కటి కూడా ఉండకూడదు, క్లోరిన్ అవశేషం కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. మురుగు కాలువలోంచి వెళ్ళే పైపు పగిలితే నది ఎంత బాగున్నా లాభం లేదు కాబట్టి ఎన్ని ఇళ్ళలో వాసన వస్తోందో, ఏ వీధిలో మొదలైందో రాయండి.

ఉత్తర్వు మనకు అనుకూలంగా వచ్చింది, కానీ పని జరగడం లేదు. ఇక చేయగలిగింది ఏమిటి?

ట్రిబ్యునల్ ఉత్తర్వు సివిల్ కోర్టు డిక్రీలాగే అమలు చేయదగినదని 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి కొత్త కేసు కాకుండా అమలు దరఖాస్తు వేయాలి. దానికి గడువు తేదీలు, ఆ తేదీల తరువాత అదే కాలువ దగ్గర తీసిన ఫోటోలు, మండలి తాజా నమూనా ఫలితాలు, సమాచార హక్కు కింద వచ్చిన జవాబులు జతచేయాలి. పరిహారం విధించి ఉంటే అది వసూలైందా, వసూలైన సొమ్ము ఏ పనికి ఖర్చయింది అని కూడా అదే దరఖాస్తులో అడగవచ్చు.